నడిమి ఇల్లు

బ్రెన్నక్ కౌంటీలోని ఇళ్ళన్నిటినీ
ఒక కంకర రోడ్డు వెంట వరసగా నిలబెట్టామనుకోండి.
అన్నిటికంటే తక్కువ వచ్చే ఇల్లు పడమటి కొసన,
ఎక్కువ వచ్చేది తూర్పున, గోధుమ గిడ్డంగి పక్కన.
సరిగ్గా మధ్యలో ఏది నిలబడితే
దాని రాబడే ఈ కౌంటీ రాబడి.
మధ్యగతం అంటే ఇంతే.
సగటు కాదు. సగటైతే
హాల్వర్‌సన్ గారి పశువుల దొడ్డి ఒక్కటే
కాగితం మీద మమ్మల్నందర్నీ షావుకార్లను చేసేస్తుంది.

పందొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఆ ఇంటిని వెతకడం.

కాకి లెక్కలంటారు కొందరు.
కాదు. కాకి అయితే ప్రతి కప్పు మీదా వాలుతుంది,
నేను నలభైలో ఒక్కదాని మీద.
ఒక్క ఏటి జవాబులు చాలవు, ఐదేళ్ళవి కలిపి వండాలి.
అందుకే మా అంకెలో ఎప్పుడూ
నిన్నటి కూర వాసన.
అంకె వెనకే ఒక తోక:
అటూ ఇటూగా ఆరు వేలు.
పైవాళ్ళు అంకె చదువుతారు. నేను తోక చదువుతాను.
ఆరు వేలంటే ఇక్కడ
రెండు చలికాలాల గ్యాసు,
లేదా ఒక పంటి వైద్యం, పాత ట్రాక్టరుకు వెనక టైర్లు.

ఆర్విడ్ స్ట్రనాడ్ వంటింట్లో అడిగాను:
గడిచిన పన్నెండు నెలల్లో ఇంటి రాబడి ఎంత?
"వడగళ్ళకు ముందా, తర్వాతా?"
బడి బస్సు నడిపినందుకు రసీదులు చూపించాడు.
"కంచె బాగుచేస్తే గ్రేటా వాళ్ళు అర దూడ మాంసం ఇచ్చారు,
దాన్నెక్కడ రాస్తావు?"
దానికి మా ఫారంలో గడి లేదు.
పొలం గడిలో అంకె ముందు మైనస్ గీశాను.
ఆ గీత వైపు చాలాసేపు చూసి
"ఏడాది చాకిరీ ఇంత సన్నగా ఉంటుందా" అన్నాడు,
కాఫీ మళ్ళీ పోశాడు.

ఏళ్ళను ఏళ్ళతో పోల్చాలంటే
పాత డాలరును ఇవాళ్టి డాలరంత ఉబ్బించాలి.
వెన్న ఫ్యాక్టరీలో మా అమ్మ సంపాదించిన తొమ్మిది వేలు
నా పట్టికలో ఇరవై ఏడు వేలయింది.
ఆమెకిది తెలియదు.
తెలిస్తే, మిగతాది ఎక్కడ దాచావే అని నిలదీసేది.

ఈ ఏడు గీత పైకి లేచింది. ఎనిమిది శాతం.
కౌంటీ సభలో చప్పట్లు కొట్టారు.
తోక సంగతి ఎవరూ అడగలేదు.
వెనక బెంచీ మీద కూర్చుని
నేను పడమటి కొసను లెక్కపెట్టుకున్నాను.
ట్రెయిలర్‌లో పినెడా కుటుంబం:
మాంసం ప్లాంటు మూసిన నెలకే లేచిపోయారు.
వార్డెల్ అన్నదమ్ములు, ఒకడి వెనక ఒకడు.
ఆస్పత్రి వంటమనిషి ఇమోజెన్,
కారు వెనక కోళ్ళ గూడు కట్టుకుని.
పడమట ఇళ్ళు ఖాళీ అయితే
నడిమి ఇల్లు తనంతట తానే తూర్పుకు జరుగుతుంది.
ఎవరి జీతంలోనూ డాలరు పెరగలేదు.
వరస కురచైంది.

చెబుదామని లేచాను.
లెక్కలో తప్పు లేదు మరి, ఏం చెప్పను?
అందరూ నావైపు తిరిగారు.
కిటికీ మూయనా, అని అడిగాను.

ఇంటికి పోతూ పినెడా వాళ్ళ ట్రెయిలర్ దగ్గర బండి ఆపాను.
తపాలా పెట్టె తలుపు గాలికి కొట్టుకుంటోంది.
లోపల నేను పంపిన ఉత్తరమే, మూడోది:
మీ ఇల్లు ఎంపికైంది, మీ జవాబు మాకు ముఖ్యం.
వానకు తడిసి, ఎండకు ఆరి, అప్పడంలా వంకర తిరిగింది.
కవరు మీద వాళ్ళ పేరు చెదిరిపోయింది.
పంపినవారి చిరునామా మాత్రం
చక్కగా చదవొచ్చు.